మున్సిపాలిటీ చెత్త ప్రణాళిక: ఆటోలు, యంత్రాలు కొనే ముందు కౌన్సిల్ తేల్చుకోవాల్సినవి

కౌన్సిలర్ గారూ, మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. మీది తెలంగాణలో సుమారు 70 వేల జనాభా ఉన్న మున్సిపాలిటీ. ఇళ్ల చెత్త నిర్వహణకు ఒక కన్సల్టెంట్ డీపీఆర్ (వివరమైన ప్రాజెక్టు నివేదిక) తయారు చేశాడు. అందులో కొత్త ఆటోలు, కాంపాక్టర్లు (చెత్తను నొక్కే బండ్లు), ఒక ట్రామెల్ (తిరిగే పెద్ద జల్లెడ), చివర్లో చెత్త నుంచి కరెంటు తీసే చిన్న ప్లాంటు ఉన్నాయి. వచ్చే మీటింగులో ఆమోదానికి పెడుతున్నారు. చేయి ఎత్తే ముందు ఏం చూడాలి, పది పదిహేనేళ్లు నిలబడే ప్లాన్ ఎలా ఉండాలి అని అడిగారు. నేను శానిటరీ ఇన్‌స్పెక్టర్‌గా చేరి అదే విభాగంలో రిటైరయ్యాను. కాబట్టి నాకు యంత్రాల కంటే పొద్దున్నే రోడ్డు మీదికి వచ్చే బండి, దాని మీద పనిచేసే మనిషే ముందు కనిపిస్తారు. ఆ లెక్కలోనే చదవండి.

మొదట ఆ డీపీఆర్‌ను చివరి పేజీ నుంచి చదవండి. రిపోర్టులన్నీ ఇంటి గుమ్మం దగ్గర మొదలై డంపింగ్ యార్డు దగ్గర ఆగుతాయి. ప్లాన్ వేసేవాళ్లు మాత్రం యార్డు వైపు నుంచి ఇంటి వైపు రావాలి. తడి చెత్తతో చేసిన ఎరువు ఎవరు తీసుకెళ్తారు? పొడి చెత్తలో ఏది ఎవరు కొంటారు? ఎవరూ కొననిది ఎక్కడికి పంపుతారు? డైపర్లు, ప్యాడ్లు ఎక్కడ కాలుస్తారు? ఈ నాలుగింటికీ పేరు, ఊరు, ధరతో సహా జవాబు ఉండాలి. "తగిన ఏజెన్సీ ద్వారా" అని రాసి ఉంటే జవాబు లేనట్టే. ఆ జవాబులు దొరికేదాకా తడి పొడి వేరు చేయండని జనాన్ని అడగొద్దు.

ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే, ఊళ్లలో ఈ పని చెడిపోయే చోటు ఒకటే. ఇల్లాలు రెండు డబ్బాలు తెచ్చి అందిస్తుంది. బండి మీద మనిషి రెండూ అందుకుని ఒకే తొట్టిలో గుమ్మరిస్తాడు. ఆమె చూస్తుంది. మర్నాటి నుంచి ఆ ఇంట్లో ఒకటే డబ్బా. తర్వాత మీరు ఎన్ని మైకులు పెట్టినా, ఎన్ని ర్యాలీలు తీసినా ఆ ఇంటిని మళ్లీ దారికి తేవడం చాలా కష్టం. తప్పంతా బండి మనిషిదే అనుకోవద్దు. ఆటోలో మధ్యన రేకు అడ్డం పెట్టి సగం తడికి, సగం పొడికి అని ఇస్తారు. బరువులో తడి ఎక్కువే, కానీ చోటు ఆక్రమించేది పొడి చెత్త. అట్టపెట్టెలు, బాటిళ్లు, కవర్లతో ఆ సగం వీధి మధ్యలోనే నిండిపోతుంది. మిగతా ఇళ్ల పొడి చెత్త ఎక్కడ వేయాలి? రేకు తీసేస్తాడు. దీనికి మందు ఉపన్యాసం కాదు, టైమ్‌టేబుల్. తడి చెత్త రోజూ, పొడి చెత్త వారానికి రెండు రోజులు మాత్రమే, అదీ వేరే ట్రిప్పులో. పొడి చెత్త కుళ్లదు, మూడు రోజులు సంచిలో ఉంటే ఎవరికీ ఇబ్బంది లేదు. ఈ ఒక్క మార్పుతో కొత్తగా కొనాల్సిన బండ్ల సంఖ్య కూడా తగ్గుతుంది.

ఇక తూకం సంగతి. డీపీఆర్‌లో మీ ఊరి చెత్త రోజుకు ఎన్ని టన్నులని రాశారో చూడండి. మన దగ్గర చిన్న పట్టణాల్లో మనిషికి రోజుకు 200 నుంచి 350 గ్రాముల మధ్య వస్తుంది. 300 గ్రాములు వేసుకుంటే మీకు 21 టన్నులు. కొన్ని రిపోర్టుల్లో పెద్ద నగరాల లెక్క తీసుకుని 450, 500 గ్రాములు వేస్తారు. అప్పుడది 32, 35 టన్నులై కూర్చుంటుంది. బండ్లు, షెడ్లు, యంత్రాలు అన్నీ ఆ అంకె మీదే లెక్కగడతారు కాబట్టి అక్కడ పొరపాటు జరిగితే ఏళ్ల తరబడి దాని ఖర్చు మోయాలి.

అంకె మీద అనుమానం వస్తే మీరే తూయించండి, పెద్ద ఖర్చు లేదు. నాలుగు రకాల వీధులు ఎంచుకోండి: ఒక కొత్త కాలనీ, ఒక పాత బస్తీ, ఒక బజారు వీధి, ఊరి చివర పల్లెలాంటి వార్డు. వరసగా ఎనిమిది రోజులు, ఆదివారం కూడా కలిసేలా, ఆ బండ్లను మాత్రం కాటా మీద పెట్టండి. తర్వాత ఒక్కో బండి చెత్తను టార్పాలిన్ మీద పోసి, పారతో కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురుగా ఉన్న రెండు భాగాలు పక్కకు తీసేయండి. మిగిలినదాన్ని మళ్లీ అలాగే చేయండి. వంద కిలోల దాకా వచ్చాక కూర్చుని ఏరించండి. కూరగాయల తొక్కులు, అన్నం, ఆకులు ఎంత, కవర్లు ఎంత, మట్టి ఎంత, డైపర్లు ఎంత అని. మన ఊళ్లలో బరువులో సగానికి పైనే తడి చెత్త ఉంటుంది. ఎండాకాలంలో మామిడి టెంకలు, తొక్కలతో పెరుగుతుంది. చవితికి పత్రి, బతుకమ్మకు పూలు, పెళ్లిళ్ల సీజన్‌లో విస్తళ్లు వస్తాయి. ఏడాదిలో ఒక్కసారి తూసి ప్లాన్ రాస్తే ఇవన్నీ తప్పిపోతాయి. కనీసం ఎండాకాలంలో ఒకసారి, వానాకాలంలో ఒకసారి తూయించండి.

తూకంతో పాటు ఒక జాగ్రత్త. కాంట్రాక్టర్‌కు టన్నుకు ఇంత అని చెల్లించే పద్ధతి డీపీఆర్‌లో ఉంటే దాన్ని తప్పకుండా కొట్టేయించండి. టన్ను లెక్క పెట్టిన చోట బండిలోకి చెత్త కంటే కాలువ పూడిక, ఇల్లు పడగొట్టిన శిథిలాలు, రోడ్డు మట్టి ఎక్కువ ఎక్కుతాయి. ఒక ఊళ్లో ఆఖరి ట్రిప్పు బండ్లన్నీ మొదటి ట్రిప్పు కంటే బరువుగా రావడం చూసి టార్పాలిన్ ఎత్తి చూశాం. పైన అరడుగు చెత్త, కింద నల్లటి కాలువ సిల్టు. డబ్బు పోయిందనే కాదు, ఆ బండెడు సరుకు ఎరువు షెడ్డుకూ పనికిరాదు, ఇంకెక్కడికీ పనికిరాదు. కాలువ పూడిక, శిథిలాలు, ఇళ్ల చెత్త మూడూ మూడు దారుల్లో పోవాలి. చెల్లింపు ఎన్ని ఇళ్ల దగ్గర వేరు చేసిన చెత్త అందుకున్నారన్న లెక్క మీద ఉండాలి.

చికెన్, మటన్ దుకాణాల వ్యర్థాలు కూడా ఇళ్ల బండిలో పడకూడదు. ఎరువు కుప్పలో కోడి పేగులు పడితే ఆ వాసనకు చుట్టుపక్కల వాళ్లు మొదటి వారంలోనే ధర్నాకు దిగుతారు. వాటికి వేరే బండి, వేరే ఒప్పందం ఉండాలి. ఎవరు తీసుకెళ్తున్నారో కూడా చూడండి. ఆంధ్రలో చేపల చెరువులకు ఈ వ్యర్థాలు దొంగచాటుగా చేరడం ఎప్పటినుంచో పెద్ద గొడవ. మీ దగ్గర్నుంచి పోతున్నది ఏ దారిలో పోతోందో మీకు తెలియాలి.

ఇప్పుడు తడి చెత్త. ప్లాన్‌లో సగం బరువు ఇదే కాబట్టి ఎక్కువ బుర్ర పెట్టాల్సింది ఇక్కడే. మీ 21 టన్నుల్లో 11 టన్నుల చొప్పున వస్తుందనుకుందాం. వాసన, ఈగలు, డంపు నుంచి కారే నల్ల నీళ్లు, మీథేన్ అంటుకుని లేచే మంటలు, పొగ అన్నీ దీని నుంచే వస్తాయి. ఇది యార్డుకు పోకుండా ఆపితే మీ సమస్యలో పెద్ద ముక్క తీరినట్టే.

మొదటి దారి అసలు బండి ఎక్కకుండా చూడటం. మీ ఊళ్లో పెరడున్న ఇళ్లు ఇంకా చాలానే ఉండి ఉంటాయి. ఊరి చివర వార్డుల్లో గేదెలున్నవాళ్లు ఇప్పటికీ కుడితి కోసం ఇంటింటికీ తిరిగి బియ్యం కడిగిన నీళ్లు, కూర తొక్కులు పట్టుకెళ్తుంటే వాళ్లను కదపకండి. మీ డబ్బు ఖర్చు కాకుండా పని చేసిపెడుతున్నారు. పెరడున్న ఇళ్లకు కంపోస్టు కుండలు, లేదా రెండు గుంతలు తవ్వుకుంటే చాలని చూపించే మనిషి కావాలి. ఊరికే డబ్బాలు పంచితే అందులో బియ్యం పోసుకుంటారు. 2015లో హైదరాబాద్‌లో ఇంటింటికీ ఆకుపచ్చ, నీలం డబ్బాలు లక్షల్లో పంచారు. వాటిలో ఎన్ని వేరే పనులకు పోయాయో నగరంలో ఉన్న మీ చుట్టాలను అడిగితే చెబుతారు.

రెండోది ఎరువు షెడ్డు. ఇందులో పెద్ద శాస్త్రమేమీ లేదు, క్రమశిక్షణ ఉంది. తడి చెత్తను మనిషి నడుము కంటే కాస్త ఎత్తు కుప్పలుగా వరసలు పేర్చాలి. ఎండుటాకులు, రంపపు పొట్టు లాంటివి కలపాలి, లేకపోతే కుప్ప ముద్దయిపోయి కుళ్లుతుంది. పిడికిట్లో పట్టి నొక్కితే చేయి తడవాలి కానీ నీళ్లు ధారగా కారకూడదు. లోపల వేడి 55 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ మధ్యకు రావాలి, ఆ వేడికే కలుపు గింజలు, రోగక్రిములు చస్తాయి. వారానికోసారి తిరగెయ్యాలి. ఐదారు వారాలకు నల్లబడి మట్టి వాసన వస్తుంది, ఇంకో రెండు మూడు వారాలు మాగబెట్టి 4 మిల్లీమీటర్ల జల్లెడ పట్టాలి. ఒక మామూలు డయల్ థర్మామీటరు, ఒక రిజిస్టరు ఉంటే కుప్ప సరిగా నడుస్తోందో లేదో మీరే చూసుకోవచ్చు. తనిఖీకి వెళ్లినప్పుడు ఆ రిజిస్టరు అడగండి. అన్ని రోజులకూ ఒకే పెన్నుతో, ఒకే చేతిరాతతో 60 డిగ్రీలు అని ఉంటే అది నిన్న రాత్రి రాసిందే.

షెడ్డుకు కప్పు తప్పనిసరి. కప్పు లేని చోట జూన్ నుంచి సెప్టెంబరు దాకా పని ఆగిపోతుంది, అప్పుడు తడి చెత్త మళ్లీ యార్డు బాట పడుతుంది. 11 టన్నుల తడి చెత్త నుంచి రోజుకు రెండు టన్నుల లోపు ఎరువు వస్తుంది, అంటే ఏడాదికి సుమారు 700 టన్నులు. రైతు దాన్ని తీసుకునేది దుక్కులప్పుడు, అంటే మే, జూన్‌లలో. మిగతా నెలల సరుకు నిల్వ చేసే గోదాము లెక్క డీపీఆర్‌లో ఉందా? మీ మున్సిపల్ నర్సరీ, పార్కులు, మొక్కల పెంపకం ఎంత తీసుకుంటాయి? రైతులు ఎరువుకు డబ్బులిస్తారని రాసి ఉంటే కొంచెం తగ్గించి చదవండి. మొదటి రెండేళ్లు ఉచితంగా ఇచ్చి, పొలం దాకా చేర్చినా లాభమే. ఒక్కసారి గాజుపెంకు కాలికి గుచ్చుకున్న రైతు మాత్రం మళ్లీ రాడు. అందుకే చెబుతున్నాను, వేరు చేయని చెత్తతో చేసిన ఎరువుకు గిరాకీ ఉండదని.

బయోగ్యాస్ గురించి కూడా అడిగారు. మంచిదే, కానీ అది రోజూ ఒకే రకం మేత అడిగే యంత్రం. కూరగాయల మార్కెట్, హోటళ్లు, ఫంక్షన్ హాళ్ల నుంచి వచ్చే శుభ్రమైన తడి చెత్తతో నడుస్తుంది. ఇళ్ల చెత్తలో పోలిథిన్, కొబ్బరిపీచు వస్తే పైపులు మూసుకుపోతాయి. సిద్దిపేటలో తడి చెత్తతో బయో సీఎన్‌జీ ప్లాంటు పెట్టారు. అది చూడటానికి వెళ్లే ముందు చెత్త వేరు చేయడం నేర్పే అక్కడి స్వచ్ఛబడి చూడండి. ఇళ్లల్లో వేరు చేయించడం మీద ఎంత పని జరిగాక ప్లాంటు వచ్చిందో తెలుస్తుంది. ఫంక్షన్లలో ప్లాస్టిక్ గ్లాసులు, ప్లేట్లకు బదులు స్టీలు సామాను అద్దెకిచ్చే స్టీల్ బ్యాంకు పద్ధతి కూడా ఆ జిల్లాదే. పుట్టకుండా ఆపిన చెత్తకు డీజిల్ అక్కర్లేదు కదా. మీ మెప్మా మహిళా సంఘాల చేత అది పెట్టించడం ఆర్నెల్ల పని.

పొడి చెత్త మీద వచ్చే ఆదాయం అంకె మాత్రం డీపీఆర్‌లో చూసి మురిసిపోకండి. మన ఇళ్లల్లో పేపర్లు, ఇనుము, బీరు సీసాలు, మంచి అట్టలు మున్సిపాలిటీ బండి ఎక్కవు. పాత సామాన్లవాడికి పోతాయి. మీ బండికి వచ్చేది పాల కవర్లు, చిప్స్ ప్యాకెట్లు, షాంపూ సాషేలు, చిరిగిన చెప్పులు, పాత గుడ్డలు. వీటిలో పాల కవరుకు తప్ప దేనికీ సరైన ధర లేదు. పొడి చెత్త కేంద్రం పెట్టుకోండి, కానీ లాభం కోసం కాదు, యార్డుకు పోయేది తగ్గించడానికి. ఏరగా మిగిలిన ప్లాస్టిక్, గుడ్డ ముక్కలను బేళ్లు కట్టి సిమెంటు ఫ్యాక్టరీలకు పంపొచ్చు. హుజూర్‌నగర్, మేళ్లచెరువు వైపు బట్టీలున్నాయి. వాళ్లు అడిగేది పొడిగా, మట్టి లేకుండా ఉండాలని. మీ ఊరి నుంచి లారీ కిరాయి ఎంతవుతుందో ఇప్పుడే రాయించుకోండి, ఎందుకంటే చాలాచోట్ల ఆ కిరాయి మున్సిపాలిటీయే పెట్టుకోవాల్సి వస్తుంది.

ఈ పని ఎవరి చేత చేయించాలన్నదానికి ఛత్తీస్‌గఢ్‌లోని అంబికాపూర్ మంచి ఉదాహరణ. 2015-16 ప్రాంతంలో అక్కడ మహిళా సంఘాల చేతికే సేకరణ, ఏరివేత రెండూ అప్పగించారు. వార్డుల మధ్యే చిన్న చిన్న కేంద్రాలు పెట్టి తడిని, పొడిని రకాలుగా విడదీసి అమ్మారు. ఊరి పాత డంపింగ్ యార్డు ఇప్పుడు పార్కు. అక్కడ పెద్ద యంత్రాలేమీ లేవు. తిరిగే బండ్లు, ఏరే బల్లలు, రోజూ తూకం రాసే పుస్తకం ఉన్నాయి. మీ ఊళ్లో ఇప్పటికే చెత్త ఏరుకుని బతికేవాళ్లున్నారు. 2016 నాటి కేంద్ర ఘన వ్యర్థాల నిబంధనలే వాళ్లను వ్యవస్థలో కలుపుకోమని చెప్పాయి. గుర్తింపు కార్డిచ్చి పొడి చెత్త కేంద్రంలో కూర్చోబెట్టండి. ఏది అమ్ముడుపోతుందో మీ కన్సల్టెంట్ కంటే వాళ్లకే బాగా తెలుసు. బండి మీద పనిచేసేవాళ్లు ఒకటో రెండో సంచుల బాటిళ్లు అమ్ముకుంటే దాన్ని దొంగతనంలా చూడొద్దు. అమ్మకం డబ్బులో వాళ్లకు వాటా అని తీర్మానమే చేసేయండి, వేరు చేయని ఇంటి దగ్గర వాళ్లే ఆగి అడుగుతారు.

కరెంటు ప్లాంటు సంగతి ఒక్క పేరాలో ముగిస్తాను. అక్కర్లేదు. మన చెత్తలో సగం నీళ్లే, తడిసిన కట్టెతో పొయ్యి వెలిగించినట్టు ఉంటుంది. ఆ ప్లాంట్లకు రోజుకు వందల టన్నులు కావాలి. హైదరాబాద్ జవహర్‌నగర్‌లో ఒకటి నడుస్తోంది. విశాఖ కాపులుప్పాడలో, గుంటూరు దగ్గర ఉన్నవి మొత్తం నగరాల చెత్త మీద, గుంటూరుదైతే చుట్టుపక్కల మున్సిపాలిటీల చెత్త మీద కూడా ఆధారపడి నడుస్తున్నాయి. 21 టన్నుల ఊరికి ఆ మాట ఎత్తడమే డీపీఆర్ కాపీ కొట్టారనడానికి గుర్తు.

బండ్ల లెక్కకు వద్దాం. మీకు 17,500 ఇళ్లనుకుందాం. ఒక ఆటోకు 600 ఇళ్లు అప్పగిస్తే 29 ఆటోలు. పొద్దున ఆరు నుంచి పదకొండు దాకా 300 నిమిషాలు. అంటే ఇంటికి అర నిమిషం, అందులోనే యార్డుకు వెళ్లి వచ్చే టైమ్ కూడా. యార్డు 12 కిలోమీటర్ల దూరంలో ఉంటే ఒక్కో ట్రిప్పుకు గంట గాలిలో కలిసినట్టే. అందుకే ఊరికి ఒకే పెద్ద ప్లాంటు కంటే రెండు మూడు వైపులా చిన్న షెడ్లు ఉంటే బండ్లూ తగ్గుతాయి, డీజిలూ తగ్గుతుంది. బండి దూరని సందులకు తోపుడు బండో ట్రైసైకిలో పెట్టండి. కాంపాక్టర్ మీకు అవసరం లేదు. అది చెత్తను నొక్కి కలిపేసే బండి, మీరు వేరుచేయించాలనుకుంటున్న చెత్తకు సరిగ్గా వ్యతిరేకం.

కుండీలు తీసేశాక కూడా కొన్ని మూలల్లో చెత్త పడుతూనే ఉంటుంది. అక్కడ ముగ్గులు వేయడం, మొక్కలు పెట్టడం, దేవుడి బొమ్మలు పెట్టడం అన్నీ చేస్తారు. వారం పనిచేస్తాయి. అసలు వేస్తున్నది ఎవరో రెండు రాత్రులు నిలబడి చూడండి. పొద్దున ఆరుకే డ్యూటీకి వెళ్లే జంటలు, హాస్టళ్లు, గదుల్లో ఉండే కుర్రాళ్లు, తొమ్మిదింటికి మూసే టిఫిన్ బండ్లు. వాళ్లకు మీ బండి వచ్చే టైమ్ కుదరదు. మెయిన్ రోడ్లలో రాత్రి ఎనిమిది తర్వాత ఒక ట్రిప్పు వేస్తే ఆ మూలల్లో సగం వాటంతట అవే శుభ్రపడతాయి. జరిమానా ఆ తర్వాతి మాట.

డబ్బు. డీపీఆర్‌లో కొనుగోళ్లకు ఇరవై పేజీలు, నడిపించడానికి అర పేజీ ఉంటుంది. ఊరికే ఉజ్జాయింపుగా వేసి చూపిస్తాను. 29 ఆటోలకు ఇద్దరేసి, షెడ్లకు, ఏరివేతకు పాతికమంది, సెలవుల్లో వచ్చే బదిలీవాళ్లు కలిపి 90 మంది. ఒక్కొక్కరికి నెలకు 16 వేలు వేసుకున్నా 14.4 లక్షలు, ఏడాదికి కోటీ 73 లక్షలు. పీఎఫ్, ఈఎస్ఐ దాని మీద. డీజిలు నెలకు రెండు లక్షలకు పైనే. రిపేర్లు, గ్లవ్స్, చెప్పులు, వాళ్లకు టెటనస్, హెపటైటిస్ బి టీకాలు వేరే. ఇంటికి నెలకు 50 రూపాయలు యూజర్ చార్జీ పెట్టి, నూటికి నూరుమందీ కట్టినా ఏడాదికి కోటీ 5 లక్షలు. నూటికి నూరుమంది ఎక్కడా కట్టరు. అంటే సగానికి పైగా మున్సిపాలిటీ సొంత నిధుల నుంచి, ఆర్థిక సంఘం గ్రాంట్ల నుంచి రావాలి. ఏ పద్దు నుంచి ఎంత అన్నది కౌన్సిల్ ముందే తేల్చుకోవాలి. ఏ మున్సిపల్ ఆఫీసు వెనక చూసినా టైర్లు లేని ఆటోలు, తుప్పు పట్టిన తొట్లు ఉంటాయి. కొనడానికి గ్రాంటు వచ్చింది, బ్యాటరీ మార్చడానికి పద్దు లేదు. ఆటో ఆరేడేళ్లకు మార్చాలి కాబట్టి ఏటా దానికింత అని పక్కన పెట్టే పద్దు ఇప్పుడే తెరిపించండి.

యూజర్ చార్జీ విషయంలో పక్క రాష్ట్రాన్ని చూసి నేర్చుకోవచ్చు. 2021 అక్టోబరు 2న ఆంధ్రప్రదేశ్‌లో క్లాప్ (క్లీన్ ఆంధ్రప్రదేశ్) పేరుతో చెత్త సేకరణ కార్యక్రమం మొదలుపెట్టారు. ఇంటికి మూడు రంగుల డబ్బాలిచ్చారు, కొత్త వాహనాలు తెచ్చారు, నెలవారీ చార్జీ పెట్టారు. జనం దానికి చెత్త పన్ను అని పేరు పెట్టారు, 2024లో ప్రభుత్వం మారాక దాన్ని రద్దు చేశారు. నా దృష్టిలో పేచీ చార్జీ ఎంతన్నదాని గురించి కాదు. సేవ కుదురుకోకముందే వసూలు మొదలవడం, బడ్డీకొట్టువాడికీ పేదవాడలకూ కూడా నెలనెలా ఇంటికొచ్చి అడగడం, ఇవి కోపం తెప్పించాయి. మొదట ఆర్నెల్లు బండి టైముకు రావాలి. అప్పుడు పెద్ద హోటళ్లు, ఫంక్షన్ హాళ్లు, హాస్టళ్ల దగ్గర మొదలుపెట్టి, ఇళ్లకు చివర్లో రావాలి. పేదవాడలకు నామమాత్రం పెట్టండి, లేదా వదిలేయండి. వసూలు మనిషి ఇంటికెళ్లకుండా ఆస్తి పన్నుతో కలిపితే సగం గొడవ తగ్గుతుంది.

చట్టం సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే మీ డీపీఆర్ పాత నిబంధనల మీద రాసి ఉండొచ్చు. అల్మిత్రా పటేల్ సుప్రీంకోర్టులో వేసిన వ్యాజ్యం తర్వాత 2000లో మొదటి నిబంధనలు వచ్చాయి, 2016లో వాటి స్థానంలో కొత్తవి, ఇప్పుడు 2026 నిబంధనలు. ఏప్రిల్ 1, 2026 నుంచి తడి, పొడి, శానిటరీ, ప్రత్యేక జాగ్రత్త అవసరమైనవి అని నాలుగు రకాలుగా వేరు చేయాలి. ట్యూబులైట్లు, పెయింటు డబ్బాలు, గడువు తీరిన మందులు నాలుగో రకంలోకి వస్తాయి. రోజుకు 100 కిలోలు దాటి చెత్త వచ్చేవాళ్లు, 20 వేల చదరపు మీటర్ల నిర్మాణం ఉన్నవాళ్లు, రోజుకు 40 వేల లీటర్ల నీళ్లు వాడేవాళ్లు పెద్ద ఉత్పత్తిదారుల కిందికి వస్తారు. వాళ్ల తడి చెత్త బాధ్యత ముందుగా వాళ్లదే. వేరు చేయకుండా ల్యాండ్‌ఫిల్‌కు, అంటే చెత్త పూడ్చే చోటికి పంపితే ఎక్కువ ఫీజు పడుతుంది. సిమెంటు ఫ్యాక్టరీలు చెత్త ఇంధనం వాడకాన్ని ఆరేళ్లలో 5 నుంచి 15 శాతానికి పెంచాలన్న నిబంధన కూడా ఉంది, పైన చెప్పిన బేళ్లకు అది కలిసొస్తుంది. డీపీఆర్‌లో మూడు డబ్బాలే ఉంటే వెనక్కి పంపడానికి ఆ ఒక్క కారణం చాలు.

పాత డంపు గుట్టను తవ్వి జల్లెడ పట్టే పని, బయోమైనింగ్ అంటారు, అది కూడా ఈ డీపీఆర్‌లోనే కలిపారని రాశారు. విడదీయండి. ఇండోర్‌లో దేవ్‌గురాడియా గుట్టను, 13 లక్షల టన్నులు, 2018లో తీసేశారు కాబట్టి సాధ్యమేనని అందరికీ తెలిసింది. కానీ అక్కడ అప్పటికే ఇళ్ల దగ్గర వేరుచేయడం గట్టిపడింది. మీరు ఒక పక్క తవ్వుతుంటే ఇంకో పక్క రోజూ ఇరవై టన్నులు పోస్తుంటే కాంట్రాక్టరుకు అది ఎన్నటికీ అయిపోని పని. ముందు కొత్తది ఆగాలి.

స్థలం దగ్గర చాలా కౌన్సిళ్లు తొందరపడతాయి. కేరళలో అలప్పుళ మున్సిపాలిటీ చెత్తంతా సర్వోదయపురంలో పోసేవాళ్లు. 2012లో ఆ ఊరివాళ్లు లారీలను అడ్డుకుని యార్డు మూయించారు. చెత్త ఊళ్లోనే గుట్టలు పడింది. అప్పుడు గత్యంతరం లేక ఇంటింటికీ బయోగ్యాస్, పైపు కంపోస్టు, వీధుల్లో గాలి ఆడే కంపోస్టు తొట్లు పెట్టుకుని నిలదొక్కుకున్నారు. మన దగ్గర జవహర్‌నగర్ డంపు పక్కన మల్కారం చెరువు నీళ్లు ఎలా అయ్యాయో, దమ్మాయిగూడ వాళ్లు ఎన్నేళ్లుగా వాసన గురించి మొత్తుకుంటున్నారో మీకు తెలియంది కాదు. మీ ఊరి చెత్త పక్క గ్రామ పంచాయతీ భూమిలో పోస్తామని డీపీఆర్‌లో ఉంటే ఆ గ్రామస్థులను ఇప్పుడే పిలిచి మాట్లాడండి. మీటింగులో ఆమోదించి, టెండర్లు పిలిచి, శంకుస్థాపన రోజున వాళ్లు రోడ్డెక్కాక మాట్లాడితే వినరు. 2016 నిబంధనలు ల్యాండ్‌ఫిల్ నదికి 100 మీటర్లు, చెరువుకు, జాతీయ రహదారికి, ఇళ్లకు, బావులకు 200 మీటర్ల దూరం అడిగాయి. అది కనీస దూరమే. ఈదురుగాలి ఏ దిక్కున కొడుతుందో ఆ ఊరి ముసలాయన్ని అడిగితే ఇంకా బాగా తెలుస్తుంది.

కాబట్టి వచ్చే మీటింగులో మొత్తం డీపీఆర్‌కు అవునో కాదో అని చేయి ఎత్తొద్దు. ఇలా తీర్మానం పెట్టించండి: కరెంటు ప్లాంటు, కాంపాక్టర్లు తొలగించాలి. రెండు వార్డుల్లో, ఒకటి కాలనీ, ఒకటి బస్తీ, ఉన్న బండ్లతోనే మూడు నెలలు తడి రోజూ, పొడి వారానికి రెండుసార్లు నడపాలి. ఆ వార్డుల తడి చెత్తకు పది రోజుల్లో రేకుల షెడ్డు వేసి ఎరువు చేయాలి. ప్రతి సోమవారం మూడు అంకెలు కౌన్సిలర్లందరికీ రావాలి: ఎన్ని ఇళ్లు వేరు చేసి ఇచ్చాయి, షెడ్డుకు ఎన్ని కిలోలు వచ్చాయి, యార్డుకు ఎన్ని కిలోలు పోయాయి. మూడో అంకె తగ్గుతుంటే మిగతా వార్డులకు బండ్లు కొనండి, అప్పుడు ఎన్ని కావాలో మీ లెక్కే మీకు చెబుతుంది. తగ్గకపోతే ఎక్కడ కలుస్తోందో చూడటానికి ఒక పొద్దున బండి వెనకాల మీరే నడవండి, కమిషనర్ గారిని కూడా తీసుకెళ్లండి.

డీపీఆర్‌లో తూకాల పట్టిక, నిర్వహణ ఖర్చుల పేజీ ఉంటే ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. అంకెలు చూసి విడిగా చెబుతాను.